రిపోర్టులన్నీ నార్మల్, గుండె దడ మాత్రం తగ్గడం లేదు

ఆటోనగర్_లెక్కలు, విజయవాడ | రాత్రి 1.20

అందరికీ నమస్కారం. వయసు 36. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల దుకాణంలో లెక్కలు రాస్తాను. సిగరెట్టు, మందు అలవాటు లేదు. షుగర్, బీపీ లేవు. మా వీధిలో రోజూ షటిల్ ఆడే ఒకతను, నా ఈడువాడే, సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆట మధ్యలో కూలిపోయి చనిపోయాడు. అతనితో నాకు ముఖపరిచయం తప్ప ఏమీ లేదు. కానీ అప్పటి నుంచి నా గుండె నాకు వినిపించడం మొదలైంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే దిండులోంచి దబదబమని వినిపిస్తుంది. ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పిపోయినట్లు ఉంటుంది, ఆ వెంటనే ఒకటి గట్టిగా కొడుతుంది. అంతే, లేచి కూర్చుంటాను. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఎడమ కన్ను కూడా అదురుతోంది.

ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ అయ్యాయి. సూర్యారావుపేటలో కార్డియాలజిస్టు “గుండె బాగుంది, మళ్ళీ రావాల్సిన పని లేదు” అన్నారు. ఆ మాట ఏలూరు రోడ్డు దాటేదాకా పనిచేసింది. తర్వాత, ఈసీజీ తీసిన నిమిషంలో గుండె సరిగ్గా కొట్టుకుని ఉంటుందేమో అనిపించింది. ఇంకోచోట మళ్ళీ తీయించాను. పోయిన నెల ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించాను. అందులో రెండు అంకెలు, పరిధి దాటాయని, ముదురు అక్షరాల్లో వచ్చాయి. కాలేయ పరీక్షలోని బిలిరుబిన్ 1.4, తెల్లరక్తకణాల్లో ఒక రకమైన ఈసినోఫిల్స్ 7 శాతం. ఇప్పుడు గుండె భయం పక్కకు పోయి కాలేయం భయం పట్టుకుంది. దవడ కింద చిన్న గింజలాంటిది కూడా చేతికి తగులుతోంది.

ఇంకా ఏ పరీక్ష మిగిలింది? హైదరాబాద్ వెళ్ళి సీటీ యాంజియో (గుండె రక్తనాళాల స్కాన్) చేయించుకోవాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బ్రాడీపేట_4వ_లైను, గుంటూరు | ఉదయం 5.45

నాయనా, రాత్రి ఒంటిగంటన్నరకు ఫోను పట్టుకుని కూర్చున్నవాడికి గుండె దడ రాకపోతే ఆశ్చర్యపోవాలి. అనుమానం పెనుభూతం. నేను ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేసి రిటైరయ్యాను, వయసు 71, ఇంతవరకు ఎకో అంటే ఏమిటో తెలియదు. పొద్దున్నే లేచి నడువు, రాత్రి మజ్జిగన్నం తిను, ఫోను వేరే గదిలో పెట్టు. ఎడమ కన్ను అదిరితే మగవాడికి కీడు అని మా నాయనమ్మ కూడా అనేది. నాకు ఇప్పటికీ అదురుతూనే ఉంది, ఏ కీడూ రాలేదు.

పటమట_పచ్చళ్ళు, విజయవాడ | ఉదయం 7.10

మాస్టారూ, మీరు మంచికే చెప్పారు, కాదనను. కానీ “ఆలోచించకు” అన్నంత మాత్రాన ఆలోచన ఆగితే ఆయన ఇక్కడ రాసేవారు కాదు. మావారిది ఇదే కథ కాబట్టి చెబుతున్నాను. వంట అయ్యాక వివరంగా రాస్తాను.

చుట్టుగుంట_స్వామి, గుంటూరు | ఉదయం 7.30

గట్టి దిష్టి తగిలింది. ఆదివారం దిష్టి తీయించుకుని, దుర్గమ్మ కొండ మెట్లదారిలో ఎక్కండి. దాంతోపాటు నా దగ్గర ఒక చూర్ణం ఉంది, వివరాలు విడిగా పంపుతాను.

నిర్వాహకుడు | ఉదయం 7.50

చూర్ణాలు, మాత్రల పేర్లు, మోతాదులు ఇక్కడ రాయవద్దు, విడిగా పంపవద్దు. కొండ ఎక్కమనడంలో అభ్యంతరం లేదు.

కొత్తపేట_ల్యాబ్, గుంటూరు | ఉదయం 9.05

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, డాక్టర్‌ని కాదు. ఆ ముదురు అక్షరాల సంగతి మాత్రం చెప్పగలను, ఎందుకంటే రోజూ వాటిని అచ్చువేసి ఇచ్చేది మేమే. కౌంటర్ దగ్గర కవరు చింపి, డాక్టర్‌కు చూపించకుండానే, ఆ ముదురు అంకెను ఫోటో తీసి ఎవరికో పంపుతూ మెట్లు దిగేవాళ్ళను చూస్తూనే ఉంటాను.

రిపోర్టులో పక్కన ఉండే పరిధిని చాలా పరీక్షలకు ఎలా నిర్ణయిస్తారంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో నూటికి 95 మందికి వచ్చే విలువలను తీసుకుంటారు. మిగిలిన ఐదుగురూ ఆరోగ్యవంతులే, కానీ వాళ్ళ అంకె గీత బయట పడుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా కనీసం ఒక్కటి గీత దాటే అవకాశం దాదాపు 64 శాతం. ప్యాకేజీల్లో 70, 80 పరీక్షలు ఉంటాయి. వాటిలో చాలావరకు ఒకదానికొకటి ముడిపడినవే అనుకున్నా, ఒక్క ముదురు అక్షరం కూడా లేని రిపోర్టు వస్తేనే వింత.

ఇక బిలిరుబిన్. మీరు ఎన్ని గంటలు ఏమీ తినకుండా వెళ్ళారు? ఖాళీ కడుపుతో ఎక్కువసేపు ఉంటే అది కొందరికి పెరుగుతుంది. కాలేయం పరీక్షలైన ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ మామూలుగా ఉండి, బిలిరుబిన్‌లో ఇన్‌డైరెక్ట్ అనే రకం ఒక్కటే కాస్త ఎక్కువగా ఉంటే డాక్టర్లు ముందు గిల్బర్ట్ సిండ్రోమ్ అనుకుంటారు. పుట్టుకతో వచ్చేదే, కాలేయాన్ని పాడుచేయదు, చికిత్స కూడా అక్కర్లేదు. మీది అదేనో కాదో చెప్పాల్సింది రిపోర్టు చూసిన డాక్టరే. ఈసినోఫిల్స్ దుమ్ము, తుమ్ముల అలర్జీ ఉన్నవాళ్ళకు కొద్దిగా పెరగడం మామూలే. మా గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఉంటే తుమ్ములకు కొదవా!

ఆటోనగర్_లెక్కలు, విజయవాడ | ఉదయం 9.40

ముందురోజు రాత్రి ఏడింటికి తిన్నాను. సాంపిల్ తీసేసరికి పొద్దున పది. మధ్యలో మంచినీళ్ళు కూడా తాగలేదు, తాగకూడదేమో అని. ఎస్‌జీపీటీ 24, ఎస్‌జీఓటీ 22. ఈ రెండు వాక్యాలు చదివాక నెత్తిమీద బరువు దిగినట్లుంది. కానీ నా సంగతి నాకు తెలుసు కదా, సాయంత్రానికి మళ్ళీ ఎక్కుతుంది.

గుణదల_క్యాజువాలిటీ, విజయవాడ | మధ్యాహ్నం 2.15

ఇప్పుడే డ్యూటీ దిగాను. ఎమర్జెన్సీలో స్టాఫ్ నర్సుని. రెండు రకాల మనుషులను చూస్తుంటాను. ఒకరు, నిజంగా గుండెపోటు వస్తుంటే “గ్యాస్ పట్టేసింది” అని సోడా తాగి తెల్లారేదాకా ఓర్చుకుని వచ్చేవాళ్ళు. ఇంకొకరు మీలాంటివాళ్ళు. ముందు మొదటి రకం గురించి చెబుతాను, ఎందుకంటే ఇది చదివి ఎవరో ఒకరు “అయితే నాదీ భయమే” అనుకుని పడుకుంటారని నా భయం.

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్లు ఉండటం, నడిస్తే పెరిగి ఆగితే తగ్గే నొప్పి, దవడకో భుజానికో చేతికో పాకడం, చల్లటి చెమటలు, స్పృహ తప్పడం: ఇవి ఉంటే 108కి ఫోను చేయండి. షుగర్ ఉన్నవాళ్ళకు, పెద్దవాళ్ళకు, కొందరు ఆడవాళ్ళకు అసలు నొప్పే లేకుండా ఆయాసం, వికారం మాత్రమే ఉండవచ్చు. పని చేస్తుండగా దడ వచ్చి కళ్ళు తిరిగి పడిపోయినా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు ఉన్నా ఆ మాట డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. ఛాతీలో మంట పచ్చడిదా, గుండెదా అని ఇంట్లో కూర్చుని ఎవరూ తేల్చలేరు. మేమూ ఈసీజీ, రక్తపరీక్ష చూసే చెబుతాం.

ఇప్పుడు మీ సంగతి. దెబ్బ తప్పడం అంటున్నారే, చాలాసార్లు అది తప్పడం కాదు. ఒక దెబ్బ తొందరపడి ముందే వస్తుంది, తర్వాత కాస్త విరామం, ఆపై వచ్చేది గట్టిగా తగులుతుంది. 24 గంటలపాటు గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే హోల్టర్ పెడితే ఆరోగ్యంగా ఉన్న ఎందరికో ఇవి కనిపిస్తాయి, వాళ్ళకు తెలియను కూడా తెలియదు. ఎడమ పక్కకు తిరిగితే గుండె ఛాతీ గోడకు దగ్గరగా వస్తుంది కాబట్టి చప్పుడు తెలుస్తుంది. నిద్ర తక్కువై, కాఫీ ఎక్కువైతే కనురెప్ప అదురుతుంది. మీ తిమ్మిరి కూడా చాలావరకు ఇందుకే కావచ్చు: భయంతో తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తారు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో వేళ్ళు, పెదవుల చుట్టూ చిమచిమలాడుతుంది, తల తేలిపోతుంది. అది చూసి ఇంకా భయపడి ఇంకా గబగబా ఊపిరి తీస్తారు. కాగితం సంచిలోకి ఊపిరి వదలమని ఎవరైనా చెబితే వినకండి, నిజంగా గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నప్పుడు అది ప్రమాదం. నెమ్మదిగా, లోపలికి తీసినదానికన్నా ఎక్కువసేపు బయటికి వదలండి, చాలు.

దవడ కింద గింజ చాలామందికి తగులుతుంది. రోజూ నొక్కి చూస్తుంటే అదే నొప్పి పుడుతుంది. గట్టిగా, కదలకుండా ఉన్నా, పెరుగుతూ పోతున్నా, కంటె ఎముక పైన తగిలినా, వారాలు గడిచినా తగ్గకపోయినా చూపించాలి. ఒక్కసారి డాక్టర్ చేత చూపించుకోండి. మీ వేళ్ళతో కాదు.

మెట్లు ఎక్కితే ఎలా ఉంటుంది?

ఆటోనగర్_లెక్కలు, విజయవాడ | మధ్యాహ్నం 2.50

దుకాణం మూడో అంతస్తు గోదాములోకి రోజూ ఎక్కుతాను, ఏమీ ఉండదు. ఫ్యాను కింద కూర్చున్నప్పుడే వస్తుంది. అయితే నిన్న స్కూటర్ మీద వాచీలో నాడి 112 చూపించింది, అందుకే రాత్రి అంత గాబరా.

గుణదల_క్యాజువాలిటీ, విజయవాడ | మధ్యాహ్నం 3.00

మే నెల మధ్యాహ్నం, హెల్మెట్ పెట్టుకుని, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడితే ఎవరికైనా 112 కొడుతుంది. నీళ్ళు తాగండి. ఆ వాచీ తీసి బీరువాలో పెట్టండి.

తెనాలి_ప్యాసింజర్ | సాయంత్రం 4.30

అందరూ “భయమే” అని తేల్చేస్తున్నారు కాబట్టి ఒక మాట. మా అక్కకు దడ, చేతులు వణకడం, ఉక్క భరించలేకపోవడం. గుంటూరులో చూపించిన ప్రతిచోటా “టెన్షన్ అమ్మా, పిల్లల చదువులు కదా” అన్నారు. బరువు కూడా తగ్గింది, “డైటింగా” అన్నారు. చివరికి ఒక లేడీ డాక్టర్ మెడ చూసి టీఎస్‌హెచ్ పరీక్ష రాశారు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని తేలింది. ఆడమనిషి దడ అంటే ముందే టెన్షన్ ముద్ర వేసేస్తారు. అందుకని ఈ పెద్దమనిషికి కూడా థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూశారో లేదో అడగండి.

కొత్తపేట_ల్యాబ్, గుంటూరు | సాయంత్రం 4.45

మంచి మాట. ఆ రెండూ ప్యాకేజీలో ఉండే ఉంటాయి, ఒకసారి చూడండి. మీ అక్కగారికి కావలసింది 80 పరీక్షలు కాదు, చెప్పింది విని రాసిన ఒక్క పరీక్ష. నా గొడవ అదే. ఇలా అంటే మా యజమానికి నచ్చదు.

పటమట_పచ్చళ్ళు, విజయవాడ | సాయంత్రం 6.20

రాస్తానన్నాను కదా. మావారికి ఎక్కువగా గుండె భయం కాదు, క్యాన్సర్ భయం, నాడి చూసుకోవడం కూడా ఉండేది. వీపు మీద పుట్టుమచ్చ ఉంది. రాత్రి పడుకునే ముందు చొక్కా విప్పి, “నిన్న ఇంతే ఉందా?” అని అడిగేవారు. నేను ఫోను టార్చి వేసి చూసి, “ఇంతే ఉందండీ” అనేదాన్ని. “సరిగ్గా చూశావా?” “చూశానండీ.” ఇది పూజలాగా రోజూ జరిగేది. ఒకరోజు విసుగొచ్చి చూడకుండానే ఇంతే ఉందన్నాను. కనిపెట్టేశారు, ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. స్కిన్ డాక్టర్ చూసి మామూలు మచ్చే అన్నాక కూడా ఇదే తంతు.

తర్వాత సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆయన నన్ను కూడా లోపలికి పిలిచారు. నేను ప్రేమతో చెప్పే “ఏమీ లేదండీ” అనే మాటే ఆయనకు రోజువారీ మోతాదు అయిపోయిందట. వేసుకుంటే కాసేపు హాయి, దిగగానే ఇంకాస్త కావాలి. మానేయమన్నారు. ఒక్కసారిగా మానేస్తే మొగుడూపెళ్ళాల మధ్య గొడవలవుతాయని, ముందే ఇద్దరం కలిసి ఒక మాట అనుకోమన్నారు. “దీని గురించి శనివారం మాట్లాడుకుందాం” అన్నది మా మాట. మొదట్లో కోపం వచ్చేది, అన్నం మీద అలిగి లేచిపోయేవారు. చాలా శనివారాలు వచ్చేసరికి మాట్లాడాల్సింది ఏదో ఆయనకే గుర్తుండేది కాదు.

అసలు మేము డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్ళామో అది కూడా చెప్పాలి. మా అమ్మాయి ఆరో తరగతి. హోంవర్కు చేస్తూ మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టుకుని గడియారం చూస్తోంది. “ఏం చేస్తున్నావే?” అంటే “నాన్నలాగా చూసుకుంటున్నా” అంది. ఆ రోజే అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

ఆటోనగర్ గారూ, మీ ఇంట్లో ఆవిడకు ఈ సంగతులు తెలుసా?

ఆటోనగర్_లెక్కలు, విజయవాడ | సాయంత్రం 7.00

ఈసీజీ తెలుసు. రెండోసారి తీయించినది తెలియదు. ప్యాకేజీ డబ్బులు ఎక్కడివని అడిగితే దుకాణం వాళ్ళే చేయించారని చెప్పాను.

మాచవరం_డౌన్, విజయవాడ | రాత్రి 8.40

నేను దీనికే థెరపీ తీసుకున్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెబుతాను. చాలామంది మంచం మీద పడుకోబెట్టి చిన్ననాటి సంగతులు అడుగుతారనుకుంటారు. నాకు జరిగింది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అది ఇప్పటి ఆలోచనల మీద, పనుల మీద ఉంటుంది. సైకాలజిస్టు ఒకరోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూర్చుని, ఇద్దరం ఒక నిమిషంపాటు వేగంగా, లోతుగా ఊపిరి తీద్దామన్నారు. అర నిమిషానికే నా వేళ్ళు చిమచిమలాడాయి, ఛాతీ పట్టేసింది, తల తిరిగింది. రాత్రిళ్ళు నన్ను చంపుతున్నదంతా అక్కడే, ట్యూబులైటు కింద, నా చేతులతో నేనే తయారుచేశాను. ఆవిడ కూడా పెదవులు చిమచిమలాడుతున్నాయని నవ్వారు. గుండె జబ్బు ఊపిరి తీస్తే వచ్చి, ఆపితే పోదు కదా. వంద రిపోర్టులు చెప్పలేనిది అది చెప్పింది. అయితే దీన్ని ఇంట్లో సొంతంగా చేయకండి. నాకు గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయని ముందే డాక్టర్ చూశాకే చేయించారు.

ఫోనులో లక్షణాలు వెతకడం మానేయమని అనలేదు. వెతకాలనిపిస్తే కాగితం మీద రాసి పెట్టుకుని, సాయంత్రం ఆరింటికి వెతకమన్నారు. ఆరింటికి సగం ప్రశ్నలు చప్పబడిపోయేవి. నాడి చూసుకోవడం కూడా అంతే, ముందు వాయిదా, తర్వాత తగ్గింపు. నాకు మందులు కూడా రాశారు. అవి పనిచేయడం తెలియడానికి వారాలు పడుతుంది, చెప్పకుండా ఆపేయకూడదు. అంతకుమించి రాస్తే నిర్వాహకుడు ఊరుకోరు.

ఈ జబ్బు భయానికి పేరుంది. పాతకాలంలో హైపోకాండ్రియాసిస్ అనేవారు, అది తిట్టులా తయారైంది. 2013లో అమెరికా సైకియాట్రిస్టుల మానసిక జబ్బుల జాబితా డీఎస్ఎం-5 ఆ పేరు తీసేసి ఇల్‌నెస్ యాంగ్జైటీ డిజార్డర్ (జబ్బు ఉందేమోనన్న భయం) అని ఒకటి, సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్ (ఒంట్లో లక్షణాల గురించిన అతి ఆందోళన) అని ఒకటి పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 మాత్రం పాత పేరు ఉంచి, దాన్ని ఓసీడీ (చేసిందే మళ్ళీమళ్ళీ చేయించే జబ్బు) కుటుంబంలో చేర్చింది. చేతులు కడిగిందే కడిగేవాళ్ళ పక్కన మనల్ని కూర్చోబెట్టారన్నమాట, నాకు అది సబబుగానే తోచింది. ఇల్‌నెస్ యాంగ్జైటీ అనడానికి కనీసం ఆరు నెలలు ఉండాలని లెక్క. సంక్రాంతి నుంచి మీకు ఇంకా ఆరు కాలేదు. నిండేదాకా ఆగాల్సిన పని మాత్రం లేదు. ఇందులో రెండు రకాలట. ఒకరు పదేపదే డాక్టర్ల చుట్టూ తిరిగేవాళ్ళు, ఇంకొకరు భయంతో ఆసుపత్రి గడప తొక్కనివాళ్ళు.

యార్డ్_గుమస్తా, గుంటూరు | రాత్రి 10.15

ఆ రెండో రకం నేనే. ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. మిర్చి యార్డులో కమీషన్ కొట్టులో చేస్తాను. మా నాన్న షుగర్ వల్లే, కిడ్నీలు పాడై పోయారు. నాకు 44. రాత్రి లేచి నీళ్ళు తాగుతున్నాను, అరికాళ్ళు మండుతున్నాయి. మా కొట్టుకు ఉచిత శిబిరం వాళ్ళు వేలు గుచ్చడానికి వస్తే కాటా దగ్గర పని ఉందని తప్పించుకున్నాను. మాస్టారి లాగా నాకూ ఏ పరీక్షా తెలియదు, కానీ ఆయన లాగా ధైర్యంతో కాదు.

బ్రాడీపేట_4వ_లైను, గుంటూరు | రాత్రి 10.30

బాబూ, నన్ను చూసి నువ్వు ఆగొద్దు. అరికాళ్ళ మంటకు మజ్జిగన్నం పనిచేయదు. రేపే వెళ్ళు.

గుణదల_క్యాజువాలిటీ, విజయవాడ | రాత్రి 10.50

యార్డ్ గారూ, మీది ఊహించుకున్న భయం కాదు, చూపించుకోవాల్సిన లక్షణం. జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజనాసుపత్రి) మీ ఊళ్ళోనే ఉంది, ఓపీకి వెళ్ళండి. షుగర్ తొందరగా తెలిస్తే కిడ్నీలను కాపాడుకునే వీలు ఎక్కువ.

ఆటోనగర్ గారూ, ఒకే డాక్టర్‌ను పెట్టుకోండి. గుండె డాక్టర్ వద్దు, జనరల్ ఫిజీషియన్. రిపోర్టులన్నీ ఒకే ఫైలులో పెట్టి ఆయన ముందు ఉంచండి. నొప్పి వచ్చినప్పుడల్లా కాకుండా, వచ్చినా రాకపోయినా నెలకోసారి చూసే ఏర్పాటు అడగండి. మానసిక వైద్యం వాళ్ళు విజయవాడ, గుంటూరు ప్రభుత్వాసుపత్రుల్లో ఉన్నారు, మంగళగిరి ఎయిమ్స్‌లో ఉన్నారు. రాత్రి ఒంటిగంటకు మాట్లాడాలనిపిస్తే 14416, టెలీ మానస్. 2022 అక్టోబరు నుంచి కేంద్రం నడుపుతోంది, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

ఆటోనగర్_లెక్కలు, విజయవాడ | వారం తర్వాత, సాయంత్రం 8.10

ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళాను, మా ఆవిడను తీసుకునే వెళ్ళాను. ప్యాకేజీ డబ్బుల సంగతి ఆవిడకు ఎప్పుడో తెలుసట, నేను చెప్పేదాకా చూద్దామని ఊరుకుందట. డాక్టర్ దవడ కింద తడిమి, పన్ను చూసి, డెంటిస్టుకు రాశారు. పుచ్చుపన్ను. టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్ బాగున్నాయి. తిన్నాక బిలిరుబిన్ పరీక్ష ఇంకోసారి, అంతే, ఇక ప్యాకేజీలు వద్దన్నారు. సైకియాట్రిస్టు పేరు రాసిచ్చారు, గురువారం వెళ్ళాలి. దడ ఇంకా వస్తోంది. నిన్న రాత్రి కూడా వచ్చింది. వాచీ బీరువాలో ఉంది కానీ తాళంచెవి ఎక్కడుందో నాకు తెలుసు.

పటమట_పచ్చళ్ళు, విజయవాడ | రాత్రి 8.25

తాళంచెవి ఆవిడకు ఇవ్వండి. ఆవిడను మాత్రం “గుండె ఎలా కొట్టుకుంటోంది చూడు” అని అడగకండి.

యార్డ్_గుమస్తా, గుంటూరు | రాత్రి 9.40

సోమవారం వెళ్తున్నాను, మా బావమరిది తోడు వస్తున్నాడు. ల్యాబ్ గారూ, రాత్రి భోజనం మానేయాలా? మంచినీళ్ళు తాగొచ్చా?

కొత్తపేట_ల్యాబ్, గుంటూరు | రాత్రి 9.55

భోజనం మానొద్దు. తిన్నాక ఎనిమిది గంటలు ఖాళీ ఉంటే చాలు, పదిహేను గంటలు పస్తుండకండి. మంచినీళ్ళు తాగండి, కాఫీ, టీ వద్దు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీకి అసలు ఉపవాసమే అక్కర్లేదు. రిపోర్టు వచ్చాక కవరు మెట్ల మీద చింపకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.